ఆయిల్ ప్రూఫ్ ఫాయిల్ స్టిక్కర్: స్టవ్ వెనక సరే, సింకు వెనక వద్దు

అద్దె ఇళ్లలో వంటగది చాలాచోట్ల ఒకే తీరు. నల్ల గ్రానైటు గట్టు, దాని మీద రెండడుగుల ఎత్తు టైల్స్, ఆ పైన డిస్టెంపర్ గోడ, గట్టు కింద తలుపుల్లేని కడప బండల అరలు. స్టవ్ వెనక మాత్రం మనకంటే ముందున్నవాళ్లు పెట్టిన తాలింపులన్నీ పసుపు మరకలై లెక్క చెబుతుంటాయి. ఓనర్ టైల్స్ మార్పించడు, మనం పగలగొట్టించలేం. ఆన్‌లైన్‌లోనూ, హైదరాబాద్ బేగంబజార్ లాంటి హోల్‌సేల్ వీధుల్లోనూ దొరికే అల్యూమినియం ఫాయిల్ స్టిక్కర్ రోల్ అమ్ముడుపోయేది ఇక్కడే. 60 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవున్న రోల్ రకాన్ని బట్టి దాదాపు 150 నుంచి 300 రూపాయలు.

స్టవ్ వెనక నున్నటి టైల్స్ మీద వేస్తే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. సింకు వెనక, పెయింటు గోడ మీద, గట్టు పైన వేస్తే డబ్బూ పోతుంది, తీసేటప్పుడు ఓపికా పోతుంది. ప్యాకెట్ మీద బొమ్మలో మాత్రం వంటగది మొత్తం నిగనిగలాడుతూ ఉంటుంది. బొమ్మను నమ్మి నాలుగు రోల్స్ ఆర్డర్ చేయకండి.

ముందు కొలతలు చూసుకోండి. రెండడుగులంటే 61 సెంటీమీటర్లు, రోల్ వెడల్పు 60. ఆ సెంటీమీటరు ఖాళీని పైన కాకుండా కిందే వదలాలి. గట్టు తుడిచిన నీళ్లు గోడ మొదట్లో నిలుస్తాయి, అంచు అక్కడికి తగిలితే పది రోజుల్లో లేస్తుంది. ఎనిమిదడుగుల గట్టు మొత్తానికి ఒక రోల్ చాలదు, ఆరున్నర అడుగుల దగ్గరే అయిపోతుంది. నిజానికి నూనె చిమ్మేది స్టవ్‌కి అటూ ఇటూ కలిపి నాలుగడుగుల మేరే. దానికి 122 సెంటీమీటర్లు పోగా ఒక్క రోల్‌లోనే ఇంకో 78 మిగులుతుంది. దాన్ని పడేయకుండా చుట్టి అటక మీద పెట్టుకుంటే రేపు ఎక్కడైనా చిరిగినప్పుడు అదే డిజైన్ ముక్క చేతిలో ఉంటుంది.

షాపులో కొంటుంటే ఒక అడుగు విప్పి చూపించమనండి. గోటితో గట్టిగా గీస్తే ప్రింటు లేచిపోయే రకం ఆరునెలలు కూడా ఆగదు. రోల్ మధ్యలో గట్టి అట్ట గొట్టం ఉండాలి. అది లేని రోల్ కొరియర్‌లో నలిగి వస్తుంది, ఫాయిల్‌కి ఒకసారి పడిన ముడత ఎంత రుద్దినా పోదు. వెనక కాగితం మీద గళ్లు ముద్రించి ఉంటే కత్తిరింపు తేలిక.

అతికించే పనిలో ముప్పావు వంతు కడగడమే. వేడినీళ్లలో గిన్నెల లిక్విడ్, చెంచాడు వాషింగ్ సోడా కలిపి టైల్స్‌ని, ముఖ్యంగా వాటి మధ్య సందుల్ని పాత బ్రష్షుతో తోమాలి. చేతులకు గ్లవుజులుంటే మంచిది. కడిగిన రోజే అతికించొద్దు. సందుల్లోని సిమెంటు నీళ్లు పీల్చి ఉంటుంది, పైన ఫాయిల్ మూసేస్తే స్టవ్ వేడికి ఆ తేమ ఆవిరై బుడగలు లేపుతుంది. రాత్రంతా ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. మర్నాడు స్టవ్ ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని తెల్ల గుడ్డ మీద వేసి తుడవండి. గుడ్డ పసుపుగా వచ్చినంతసేపూ నూనె ఉన్నట్టే. తెల్లగా వచ్చాకే స్టిక్కర్ ముట్టుకోండి.

ఇద్దరుంటే పని పాడవదు. వెనక కాగితాన్ని పైనుంచి నాలుగంగుళాలే ఊడదీసి, పై అంచుని టైల్స్ అంచుకి సరిపెట్టి నొక్కాలి. తర్వాత ఒకరు కాగితాన్ని కొంచెం కొంచెంగా కిందికి లాగుతుంటే ఇంకొకరు మధ్యనుంచి అంచులకు రుద్దుకుంటూ రావాలి. పాత ఏటీఎం కార్డుకి మెత్తటి గుడ్డ చుట్టి రుద్దండి, ఒట్టి కార్డు గీతలు పెడుతుంది. ఒకసారి అంటుకున్న ఫాయిల్‌ని లేపి సరిచేద్దామనుకోవద్దు. అది సాగదు, చిరుగుతుంది లేదా ముడత పడుతుంది. బుడగ మిగిలితే సూదితో పొడిచి గాలి నొక్కేయండి. రెండు షీట్లు కలిసే చోట ఒక సెంటీమీటరు ఒకదాని మీద ఒకటి రావాలి. ఆ అతుకు సరిగ్గా బర్నర్ వెనక పడకుండా చూసుకోండి. ఇంకోటి, టైల్స్ సందులు లోతుగా ఉంటే ఫాయిల్ కింద నుంచి ఆ గీతలు కనిపిస్తూనే ఉంటాయి. ఉబ్బెత్తు డిజైన్ల టైల్స్ మీదైతే అసలు అంటుకోదు.

స్విచ్‌బోర్డు దగ్గర జాగ్రత్త. ఇది అల్యూమినియం, కరెంటు పారుతుంది. మిక్సీ ప్లగ్గు పెట్టే బోర్డు చుట్టూ మెయిన్ ఆపి, కనీసం అంగుళం ఖాళీ వదిలి కత్తిరించండి. బోర్డు ప్లేటు విప్పి దాని కిందికి ఫాయిల్ దోపి అందంగా కనిపించేలా చేసే వీడియోలు ఉన్నాయి. ఆ అందం మనకొద్దు.

ప్యాకెట్ మీది 'హీట్ ప్రూఫ్' అన్న మాట సగమే నిజం. లోహానికేం కాదు, వెనకున్న జిగురు మెత్తబడుతుంది. స్టవ్‌కీ గోడకీ మధ్య జానెడు ఎడం ఉన్న రెండు బర్నర్ల స్టవ్‌తో ఇబ్బంది తక్కువ. నాలుగు బర్నర్ల స్టవ్‌లో వెనక బర్నర్లు గోడకు దగ్గరగా ఉంటాయి. వాటి మీద పెద్ద బాణలి పెట్టి అరగంట అప్పడాలు, వడియాలు వేయించారా, వెనక ఫాయిల్ కూడా అప్పడంలాగే పొంగుతుంది. అది చల్లారాక మళ్లీ అంటుకోదు, ఆ ముక్క కోసి కొత్తది వేయడమే. వెనక బర్నర్లని పాలకీ టీకీ పరిమితం చేస్తే చాలాకాలం నడుస్తుంది. పైగా ఆగ్నేయం, తూర్పు ముఖం అని స్టవ్‌ని కిటికీ కిందే పెట్టడం మామూలు కాబట్టి, కిటికీ గాలి తగిలే పై అంచు ముందు లేస్తుంది. అక్కడ పారదర్శకమైన వాటర్‌ప్రూఫ్ టేపు ఒక వరస వేయండి.

రోజూ తుడవడం మాత్రం దీని మీద చాలా సుఖం. ఆవాలు చిటపటలాడి చిమ్మిన నూనె తడిగుడ్డకే వచ్చేస్తుంది, పసుపు మరక సబ్బునీళ్లకి పోతుంది. స్టీలు పీచు వాడకూడదు. పై పొర గీరుకుపోయిన చోట చింతపండు పులుసు, సోడా తగిలితే ఫాయిల్ నల్లబడుతుంది.

సింకు వెనక ఎందుకు వద్దంటే, అక్కడ శత్రువు నీళ్లు. కుళాయి మొదట్లోంచి, సింకు అంచు నుంచి తడి వెనక్కి పాకుతుంది, జిగురు వదులవుతుంది, ఆ సందులో బొద్దింకలు కాపురం పెడతాయి. రెండు నెలల తర్వాత అంచు లేపి చూస్తే నల్లటి బూజు, గుడ్ల పెట్టెలు. సింకు వెనక కావలసింది స్టిక్కర్ కాదు, గట్టుకీ గోడకీ మధ్య సిలికాన్ సీలెంట్ ఒక వరస.

పెయింటు గోడ సంగతి ఇంకా దారుణం. డిస్టెంపర్ పొడిపొడిగా ఉంటుంది. జిగురు గోడకి కాదు, ఆ పొడికి అంటుకుంటుంది. కొన్నాళ్లకి దానంతటదే ఊడిందా, అదృష్టం. గట్టిగా పట్టిన చోట లాగితే రంగుతో పాటు లప్పం కూడా పెచ్చులుగా వస్తుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో నెల అద్దె కోసుకునే ఓనర్లు ఎలాగూ ఉన్నారు, వాళ్ల చేతికి మనమే ఆధారం ఇచ్చినట్టవుతుంది.

ఇదే షెల్ఫులో పక్కనే మార్బుల్ డిజైన్ పీవీసీ షీట్లు కూడా కనిపిస్తాయి. చూడ్డానికి ఫాయిల్ కంటే బాగుంటాయి, కొంచెం సాగుతాయి కాబట్టి అతికించడం, ఊడదీయడం రెండూ తేలిక. అలమరా తలుపులకి, ఫ్రిజ్ పక్క గోడ టైల్స్‌కి వాటినే తీసుకోండి. స్టవ్ వెనక మాత్రం వేయకూడదు, వేడికి మెత్తబడి ముడుచుకుంటాయి. గట్టు మీద వేస్తే దించిన కుక్కర్ అడుగు అచ్చు అలాగే పడిపోతుంది.

ఇంత చెప్పాక అసలు మాట: ఈ స్టిక్కర్ కొనాలనుకునే వంటగదుల్లో సగానికి ఇది అక్కర్లేదు. టైల్స్ పాతబడినట్టు కనిపించడానికి కారణం టైల్స్ కాదు, వాటి మధ్య నల్లబడిన సందులు. హార్డ్‌వేర్ షాపులో ఈ సందులు నింపే టైల్ గ్రౌట్ పొడి కిలో వందలోపే దొరుకుతుంది, ఒక వంటగదికి అది ఎక్కువే. పాత స్క్రూడ్రైవర్‌తో సందుల్ని రెండు మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము దులిపి, కాస్త తడిపి, టూత్‌పేస్టంత చిక్కగా కలిపిన గ్రౌట్‌ని రబ్బరు ముక్కతో సందులకు ఏటవాలుగా లాగుతూ నింపాలి. పావుగంట తర్వాత తడి స్పాంజితో టైల్స్ తుడిచి, ఒక రోజు నీళ్లు తగలనివ్వకూడదు. పల్చగా కలిపితే ఆరాక పగుళ్లిస్తుంది, అందరూ చేసే తప్పు అదే. తెలుపు వద్దు, లేత బూడిద రంగు తీసుకోండి. పసుపు పడే ఇంట్లో తెల్ల గ్రౌట్ నెల తిరక్కుండానే పసుపుదవుతుంది. ఓనర్ కూడా దీనికి అభ్యంతరం చెప్పడు, ఖాళీ చేసేటప్పుడు తీసేయాల్సిన పనీ లేదు. ఫాయిల్‌కి పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టి, ఆ తర్వాత కూడా స్టవ్ వెనక మరక ఉంటేనే రోల్ కొనండి.

మిగిలిన డబ్బుకి మొదటి హక్కు లైటుది. గట్టుకి ఎదురు గోడ మీద ట్యూబ్‌లైటు ఉంటే మన నీడే కత్తిపీట మీద పడుతుంది. టైల్స్‌కి పైన 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటులాంటి పొడుగు లైటు) పెట్టించండి, రెండు మూడు వందల్లో వస్తుంది. గట్టు కింది అరలకి మేకులు కొట్టకండి, కడప బండ అంచు పెచ్చులూడుతుంది. రెండు బండల మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్డుకి కాటన్ కర్టెన్ వేసి, నేల తుడవడానికి మూడంగుళాలు వదలండి. సిలిండర్ ఉన్న అరకి మాత్రం కర్టెన్ వద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, ఆ అర తెరిచే ఉండాలి. గట్టే కడప రాయిదైతే నిమ్మకాయ, వెనిగర్, టైల్స్ యాసిడ్ ఏదీ దాని మీద పడనివ్వొద్దు. అది సున్నపురాయి జాతి, యాసిడ్ పడిన చోట నురగొచ్చి తెల్లమచ్చ నిలిచిపోతుంది.

ఇక ఊడదీయడం. ఖాళీ చేసే ముందురోజు పెట్టుకోవద్దు, ఒక పూట పడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అడుగుకి అర నిమిషం చొప్పున వేడిచేస్తే జిగురు వదులుతుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి, తిన్నగా మనవైపుకి కాకుండా ఫాయిల్‌ని దాని మీదికే మడిచినట్టు మెల్లగా లాగండి. అయినా పీలికలుగానే వస్తుంది. మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి, ప్లాస్టిక్ కార్డుతో గీకి, సబ్బునీళ్లతో కడగండి. బ్లేడు పెడితే టైల్ మెరుపు మీద గీత పడుతుంది. ఎంత కష్టంగా వస్తుందో ముందే తెలుసుకోవాలంటే, కొన్నరోజే నాలుగంగుళాల ముక్క కంటికి కనిపించని మూల టైల్‌కి అతికించి, వారం తర్వాత లాగి చూడండి.