కొచ్చి రైస్ బోట్: తొందర పెట్టుకోకుండా తినాల్సిన భోజనం

విల్లింగ్‌డన్ దీవిలో, తాజ్ మలబార్ హోటల్లోని రైస్ బోట్ రెస్టారెంట్‌కి వెళ్లేది చేపల కోసమే. కేరళ కెట్టువళ్లం పడవలా తీర్చిన హాలు, పక్కనే హార్బరు నీళ్లు. నీళ్ల వైపు టేబుల్ కావాలని బుకింగ్‌లోనే చెప్పాలి. బిల్లు ఫైవ్ స్టార్ స్థాయిలోనే ఉంటుంది.

కూర్చోగానే కరిమీన్ పొళ్లిచ్చదు చెప్పేయండి. చేపని కొద్దిగా వేయించి, ఉల్లి మసాలా పట్టించి, అరిటాకులో చుట్టి మళ్లీ పెనం మీద కాలుస్తారు, ఆలస్యం అందుకే. మొదటిసారే ఎక్కువ వేగితే రెండోసారికి కండ ఎండి పీచులా అవుతుంది. ఆకు విప్పినప్పుడు మసాలా ఇంకా తడిగా కనిపించాలి. ముళ్లు ఎక్కువ, పిల్లలకి వలిచి పెట్టాలి.

మొయిలీ అనే చేపల కూరలో చిక్కటి కొబ్బరిపాలు చివర్లో పోస్తారు. మరిగితే విరిగి నూనె తేలుతుంది. చేపల పులుసు అలవాటైన మన నాలుకకి ఇది చప్పగా అనిపించొచ్చు. అన్నం వద్దు, వేడి అప్పంతో తినండి, చాలా బాగుంటుంది.

జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 దాకా కేరళలో ట్రాలింగ్ (మర పడవలతో పెద్ద వల ఈడ్చి సముద్రంలో చేపలు పట్టడం) నిషేధం. అప్పుడు సముద్రపు చేపల్లో ఏది తాజాగా వచ్చిందో అడిగాకే ఆర్డరివ్వండి. కరిమీన్ కాయల్ (బ్యాక్‌వాటర్స్) నీళ్ల చేప, దానికి ఆ ఇబ్బంది లేదు.