మా పాత ఆక్టేవియా: ఓనర్ జర్మనీ, పుట్టిల్లు చెక్

హనుమకొండలో ఏళ్ల తరబడి స్కోడా ఆక్టేవియా 1.9 టీడీఐ డీజిల్ నడుపుతున్నాను. ఇంకా అమ్మలేదా అని అడిగేవాళ్లు చాలామంది. అమ్మను.

హైదరాబాద్ రోడ్డెక్కి జనగామ దాటితే ఈ బండి ఏంటో తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ రోడ్డును పట్టుకునే పోతుంది, పక్కనుంచి లారీ దూసుకెళ్లినా స్టీరింగ్ వణకదు. డిక్కీ డోరు వెనక అద్దంతో సహా పైకి లేస్తుంది, లోపల 528 లీటర్ల చోటు. నర్సంపేట నుంచి బియ్యం బస్తాలు, మేడారానికి నిలువెత్తు బంగారం, వంట గిన్నెలు అన్నీ దీంట్లోనే.

లారిన్, క్లెమెంట్ అనే ఇద్దరు 1895లో సైకిళ్లతో మొదలుపెట్టిన కంపెనీ ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం చేతికెళ్లి, కమ్యూనిస్టు పాలనలో పెట్టుబడి లేక వెనకబడింది. 1991లో జర్మనీ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వాటా కొన్నది, 2000కల్లా మొత్తం కంపెనీ దానిదైంది. నా కారు ఇంజిన్ వాళ్లదే. కింది ప్లాట్‌ఫామ్, అంటే కారు అడుగు నిర్మాణం కూడా ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల నాలుగో తరం గోల్ఫ్ కారుదే. పేరు, డిజైన్ పని, మ్లదా బొలెస్లావ్‌లోని ఫ్యాక్టరీ మాత్రం చెక్ వాళ్ల దగ్గరే ఉంచారు. నా లెక్కలో స్కోడా బతికింది అందుకే. బ్రిటన్ కార్ల బ్రాండ్ ఎంజీ గతి చూడండి: 2005లో కంపెనీ కూలాక చైనా చేతికి వెళ్లింది, 2016లో బ్రిటన్‌లోని లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలో కార్ల తయారీ ఆగిపోయింది.

ఉమ్మడి విడిభాగాల మేలు నాకు స్వయంగా తెలిసింది. ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు దగ్గర డీజిల్ కారుతుంటే హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లు పంపే మార్చాలన్నారు. ఆ ఎస్టిమేట్ చూసి రెండు రోజులు టెన్షన్. అది చాలా కార్లలో వాడే బాష్ కంపెనీ పంపు కాబట్టి వరంగల్‌లో పంపులు బాగుచేసే మేస్త్రి సీల్ మార్చి ఇచ్చాడు, మళ్లీ చుక్క కారలేదు.

కొత్త కార్ల విషయంలోనే నాకు బాధ. స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ రెండింటికీ ప్లాట్‌ఫామ్ ఒకటే, ఇంజిన్లూ అవే. మంచి కార్లే. కానీ పక్కపక్కన నడిపితే స్కోడాదంటూ వేరే రుచి నాకు తెలియలేదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఇండియా ప్రాజెక్టు నడిపే బాధ్యతే స్కోడాకు ఇచ్చినప్పుడు, ఆ తేడా చూపించే అధికారం కూడా ఉండాలి కదా!

పాత ఆక్టేవియా కొనాలనుకుంటే, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూశాకే బేరానికి దిగండి.