మంగళగిరి దగ్గర ఐదు రోజుల స్కౌట్ శిబిరం: ముడులకు మంచి మార్కులు, నీళ్ళకు తక్కువ

సంక్రాంతి సెలవులకు ముందు మంగళగిరి, గుంటూరు మధ్య ఒక స్కూలు మైదానంలో నడిచిన తృతీయ సోపాన్ శిబిరం మీద ఈ సమీక్ష. ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ సోపానాలు దాటిన పిల్లలు వచ్చే చోటిది. తర్వాతి మెట్టు రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు. డేరా వేయడం, కట్లు కట్టడం ఇక్కడ చేతికి రాకపోతే పై మెట్ల మీద తీరిగ్గా నేర్పేవాళ్ళుండరు. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఈ మంచిచెడ్డలు మన చుట్టుపక్కల జరిగే చాలా శిబిరాలకు వర్తిస్తాయి.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పాలి. వంటవాళ్ళని, షామియానాని అద్దెకు తెచ్చి పిల్లల్ని వరసలో కూచోబెట్టే పద్ధతి ఇక్కడ లేదు. ఎనిమిదేసి మందిని ఒక పెట్రోల్, అంటే ఒక చిన్న జట్టు, చేసి డేరా, పొయ్యి, గిన్నెల రాక్ అన్నీ వాళ్ళ చేతే కట్టించారు. స్కౌటింగుకి ప్రాణం అదే.

ఇబ్బందల్లా నేలతో వచ్చింది. నల్లరేగడి పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ ఆ రోజులకి నెర్రెలిచ్చి ఉంటుంది. డేరాలతో వచ్చిన జానెడు ఇనపమేకులు దిగినట్టే దిగి, సాయంత్రం గాలికి పెళ్ళలతో సహా లేచొచ్చాయి. మర్నాడు మూరెడు తుమ్మకర్ర మేకులు చెక్కించి, తల డేరాకి అవతలి వైపు వాలేలా, తాడుకీ మేకుకీ మధ్య లంబకోణం వచ్చేలా కొట్టించారు. మట్టి గుల్లగా ఉన్నచోట వెనక ఇంకో మేకు దిగ్గొట్టి, మొదటిదాని తలకీ రెండోదాని మొదలుకీ కలిపి తాడు బిగించారు. ఆ తర్వాత ఒక్క డేరా కూడా కదల్లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో శిబిరం పెట్టేవాళ్ళు ఈ పని మొదటిరోజే చేయాలి.

నూలుతాళ్ళ సంగతి కూడా ముందే చెప్పి ఉండాల్సింది. మంచుకి తడిస్తే తాడు కుంచించుకుపోతుంది. పడుకోబోయే ముందు, తాడు బిగువు సరిచేసే జారుడు బిళ్ళలు, అదే రన్నర్లు, వేలెడు వదులు చేయకపోతే తెల్లారేసరికి మేకన్నా లేస్తుంది, గుడ్డన్నా చిరుగుతుంది.

ముడుల శిక్షణ మాత్రం చాలా బాగుంది. అడ్డగడని నిలువుగడకి బిగించే స్క్వేర్ లాషింగ్ కట్టుని నిలువుగడ మీద క్లోవ్ హిచ్ అనే ముడి‌తో మొదలుపెట్టించి, మూడు చుట్లు పక్కపక్కనే, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకుండా వేయించారు. గడల మధ్య నుంచి కట్టుని బిగించే రెండు ఫ్రాపింగ్ చుట్లు ఒళ్ళు విరిచి లాగించాకే అడ్డగడ మీద ముడి వేయనిచ్చారు. పిల్లలు బద్ధకించేది ఆ ఫ్రాపింగ్ దగ్గరే, కట్టు వదులయ్యేదీ అక్కడే. తాడు కొలత కూడా లెక్కగా చెప్పారు: రెండు గడల మందం కలిపి ఎన్ని అంగుళాలుంటే అన్ని మూడడుగులు. రెండంగుళాల గడలు రెండయితే పన్నెండడుగుల తాడు. తెచ్చిన వెదురు పచ్చిది కావడంతో మూడోరోజుకి గడలు ఆరి సన్నబడ్డాయి, కట్లు వదిలాయి. కట్లన్నీ విప్పించి మళ్ళీ కట్టించారు. అలా చేయించడం మాకు నచ్చింది.

వంటలో లెక్క సరిపోయింది: పెట్రోలుకి పూటకి కిలో పావు బియ్యం, నాలుగు వందల గ్రాముల కందిపప్పు. అయినా రెండుపూటలు పప్పు పలుకుగానే మిగిలింది. బోరునీళ్ళు బాగా కఠినంగా ఉన్నాయి. అలాంటి నీళ్ళలో పప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది, అందులో చింతపండు ముందే వేస్తే అసలు ఉడకదు. పప్పుని గంట ముందు నానబెట్టి, పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు వేయాలి. వంటకి వేరే డ్రమ్ములో మంచినీళ్ళు తెప్పించుకుంటే ఇంకా మేలు. తాగే నీళ్ళకీ చేతులు కడిగే నీళ్ళకీ ఒకటే ట్యాంకు పెట్టడం పెద్ద లోపం, మార్కులు అక్కడే తగ్గించాం.

కాలువ వెడల్పు కొలవడం బోర్డు మీదే చెప్పి వదిలేశారు. పక్కనే కాలువ పెట్టుకుని ఇదేం పని? అవతలి గట్టున చెట్టొకటి చూసుకుని, దానికి సరిగ్గా ఎదురుగా నిలబడి దిక్సూచి చూడాలి. గట్టు వెంబడి తిన్నగా నడుస్తూ ఆ చెట్టు దిక్కు 45 డిగ్రీలు మారిన చోట ఆగాలి. నడిచిన దూరమే కాలువ వెడల్పు. పిల్లల్ని నీళ్ళకి దూరంగా గట్టు మీద నడిపిస్తే అరగంటలో అయిపోయే పని.

ప్రథమచికిత్సలో ముక్కోణపు గుడ్డ కట్లు చక్కగా నేర్పారు. పాముకాటుకి పైన బిగించి తాడు కట్టమనడం మాత్రం తప్పు. కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్దకట్టి, కోయకుండా, పీల్చకుండా, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

చరిత్ర క్లాసు హడావుడిగా ముగించారు. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగు స్థాపకుడు బేడెన్ పవెల్ పెట్టిన మొదటి శిబిరం, 1909లో బెంగళూరులో మన దేశపు తొలి స్కౌట్ ట్రూపు (దళం) చెప్పి, అక్కణ్ణించి ఏకంగా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పుట్టిన 1950 నవంబరు 7కి దూకేశారు. మనకి దగ్గరి కథంతా ఆ మధ్యలోనే ఉంది. తొలినాటి ట్రూపుల్లో భారతీయుల పిల్లల్ని చేర్చుకునేవారు కాదు. అందుకే మద్రాసులో అనీబిసెంట్, ఆమె సహచరుడు అరండేల్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ వేరే సంఘాలు పెట్టారు. 1921లో బేడెన్ పవెల్ వచ్చినప్పుడు బిసెంట్ సంఘం ఆయన సంస్థలో కలిసింది, మాలవ్యాగారి సేవాసమితి కలవలేదు. అనీబిసెంట్ పేరు పెట్టిన విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టలు కొనుక్కునే పిల్లలకి, ఆవిడకీ తమ మెడలో కండువాకీ ఉన్న సంబంధం చెప్పకుండా వదిలేయడం బాధ కలిగించింది.

మొత్తం మీద ఐదుకి మూడున్నర. ఇలాంటి శిబిరానికి పంపేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి: వంట ఎవరు చేస్తారు, తాగే నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి, రాత్రి ఆస్పత్రికి వెళ్ళడానికి మైదానంలో బండి ఉంటుందా. సంచిలో మూడు మీటర్ల నూలుతాడు పెట్టండి. నైలాన్ తాడు వద్దు, రెండు తాళ్ళ కొసలు కలిపే రీఫ్ నాట్ ముడి జారిపోతుంది. తాడు కొసలు పీచు లేవకుండా సన్నదారంతో గట్టిగా చుట్టి పంపండి.