పీడీఎఫ్, డాష్‌బోర్డు, ఎక్సెల్ పట్టిక: విశ్వవిద్యాలయ ప్రణాళికకు ఏది మేలు?

విశ్వవిద్యాలయాలు తమ జమాఖర్చులు అందరి ముందు పెట్టడానికి మామూలుగా మూడు దారులు ఎంచుకుంటాయి: ఏటా వేసే బడ్జెట్ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా ఇవ్వడం, రంగుల చార్టులతో డాష్‌బోర్డు పెట్టడం, అసలు పట్టికలనే ఎక్సెల్‌లో ఇచ్చేయడం. ప్లానింగ్ కోసమైతే నా ఓటు పట్టికలకే.

పాలకమండలి ఆమోదించిన అధికారిక అంకె ఉండేది పీడీఎఫ్‌లోనే కాబట్టి అది ఎలాగూ ఉండాలి. కానీ నాలుగేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒక్కో అంకే మళ్లీ టైప్ చేసుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

డాష్‌బోర్డు చూడటానికి సులువు. చిక్కల్లా, తయారుచేసినవాళ్లు ఊహించిన ప్రశ్నలకే అది జవాబిస్తుంది. ఒక శాఖకు 12 అధ్యాపక పోస్టులు మంజూరై, 9 మాత్రమే భర్తీ అయ్యాయనుకుందాం. జీతాల పద్దులో డబ్బు మిగిలినట్టు చార్టు చూపిస్తుంది. వచ్చే ఏడాది ఆ మేరకు కోత పెడదామని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి ఖాళీగా ఉన్న ఆ మూడు పోస్టుల క్లాసులు గెస్ట్ లెక్చరర్లు చెబుతుంటారు, వాళ్ల చెల్లింపులేమో వేరే పద్దులో ఉంటాయి. పోస్టులవారీ, పద్దులవారీ పట్టిక చేతిలో ఉంటే తప్ప ఈ సంగతి బయటపడదు.

అయితే నిర్వచనాలు లేని పట్టిక ఇంకా ప్రమాదం. విద్యార్థుల్ని ఊరికే తలలు లెక్కపెట్టారా, లేక పార్ట్‌టైమ్ వాళ్లను వాళ్ల చదువు భారాన్ని బట్టి పూర్తికాల విద్యార్థుల లెక్కలోకి మార్చారా? ఫలానా పరిశోధనకే వాడాలన్న గ్రాంటును మామూలు నిధులతో కలిపేశారా? కలిపేస్తే “ఇంత డబ్బుందిగా, నియామకాలు చేయరేం?” అన్న అన్యాయమైన ప్రశ్న వస్తుంది. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం 1992లో మొదలుపెట్టిన బోధనా ఖర్చుల అధ్యయనంలో వేర్వేరు సంస్థల శాఖల్ని పోల్చగలిగారంటే, అందరూ ఒకే నిర్వచనాలతో లెక్కలు ఇవ్వడం వల్లే.

తరగతి గదులదీ ఇదే కథ. వారమంతా బుక్ అయిన గదిలో మూడో వంతు సీట్లే నిండుతుంటే, కావాల్సింది కొత్త భవనం కాదు, టైమ్‌టేబుల్ మార్పు. గది బుక్ అయిన గంటలు, నిండిన సీట్లు వేర్వేరు గడుల్లో ఉంటేనే అది తెలుస్తుంది.

పట్టికలతో ఒక భయం మాత్రం న్యాయమైనదే: ఇద్దరే ఉన్న శాఖలో ఎవరి జీతమెంతో ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి చిన్న శాఖల్ని కలిపి చూపించాలి.

డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు పట్టికలే పెట్టండి, డాష్‌బోర్డును తర్వాత వాటి మీదే కట్టుకోవచ్చు. కనీసం ఐదేళ్ల అంచనా, అసలు ఖర్చు పక్కపక్కన ఇవ్వండి. మధ్యలో ఏ పద్దునైనా ఇంకోదాంట్లో కలిపితే, ఏ ఏడాది కలిపారో ఆ వరుసలోనే రాయండి.