పినియన్ ఆయిల్ సీలు, ఉక్కు స్లీవు: ఆరు నెలలు వాడి చూశాక

మా పాత జీపు వెనుక డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ముందువైపు నుంచి నూనె కారి, బండి నిలిపిన చోటల్లా అరచేతి వెడల్పు మరక పడుతుండటంతో, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక విడిభాగాల దుకాణంలో పినియన్ (ఆ పెట్టెలోకి వెళ్ళే గేరు షాఫ్టు) దగ్గర నూనెను ఆపే రబ్బరు అంచు ఆయిల్ సీలు, దానితో పాటు ఫ్లాంజికి (ఆ షాఫ్టు చివర నట్టుతో బిగించే, సీలు మధ్యలో తిరిగే భాగం) తొడిగే పలుచని ఉక్కు స్లీవు కొని ఇంటి దగ్గరే బిగించుకున్నాను. సీలుకు 180 రూపాయలు, స్లీవుకు 1,100 రూపాయలు అయ్యాయి. ఆరు నెలలుగా ఒక్క చుక్క కారలేదు.

నిరుడు ఇవే కొలతల్లో మరొక తయారీదారు సీలు వేస్తే రెండు నెలలకే మళ్ళీ కారింది. అప్పుడే సమీక్ష రాసి ఉంటే ఆ సీలును తిట్టిపోసేవాణ్ణి, అది అన్యాయమయ్యేది. ఈసారి దుకాణదారు డబ్బు తీసుకోకముందే, "ఫ్లాంజి ఊడదీసి తీసుకురండి సార్, గాడి పడి ఉంటే ఎన్ని సీళ్ళు మార్చినా దండగే" అన్నారు. తీసుకెళ్ళి, సీలు అంచు ఆనే చోట కిరోసిన్ గుడ్డతో తుడిచి గోరు జరిపితే, గోరు కొన ఒకచోట తట్టుకుని ఆగింది. ఏళ్ళ తరబడి అక్కడే తిరుగుతూ ఒరుసుకున్న రబ్బరు అంచు, దాని కింద చేరిన దుమ్ము కలిసి ఇనుములో గాడి కోశాయి. అమ్ముకోవడానికి తొందరపడని ఆ దుకాణదారుకే నా మొదటి మార్కులు.

ఆ గాడిని కప్పుతూ తొడిగే స్లీవు మందం పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కనుక పాత కొలత సీలే సరిపోతుంది. దానితో ఇచ్చిన గిన్నెలాంటి పనిముట్టును పైన బోర్లించి సుత్తితో మెల్లగా తట్టితే నిటారుగా దిగింది. సీలు విషయంలో మాత్రం ఓపిక కావాలి. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, అంటే నూనె వైపుకు పెట్టి, అంచుకు గ్రీజు రాసి, చుట్టూ సమానంగా తట్టాలి. ఒకేవైపు గట్టిగా కొడితే స్ప్రింగు ఎగిరిపోతుంది.

అసలు జాగ్రత్త పినియన్ నట్టు దగ్గర పడాలి. మా బండిలో పినియన్ బేరింగుల మధ్య, నట్టు బిగించేకొద్దీ నలిగే స్పేసరు (ఎడం నిలిపే గొట్టం) ఉన్నందున, నట్టు అతిగా బిగిస్తే బేరింగులపై ఒత్తిడి పెరిగి అవి వేడెక్కి పాడవుతాయి. అందుకే విప్పకముందే నట్టుకూ షాఫ్టుకూ పంచ్‌తో గుర్తులు కొట్టి, బయటికి కనిపించే మరలు లెక్కపెట్టుకుని, తిరిగి ఆ గుర్తు దగ్గరికే తెచ్చాను. స్పేసరు నలగకుండా షిమ్ములు (పలుచని రేకు బిళ్ళలు) ఉన్న హౌసింగులకు (గేర్ల పెట్టెలకు) ఈ పద్ధతి వర్తించదు, వాటికి మాన్యువల్లో చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించాలి.

నూనె దించే మర విప్పకముందే నింపే మర వదులవుతుందో లేదో చూసుకోవడం మంచిది, లేకపోతే ఖాళీ హౌసింగుతో కూర్చోవాలి. హౌసింగు మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టం) కూడా మట్టితో పూడుకుపోయి కనిపించింది. వేడెక్కిన గాలికి దారి లేక నూనెను సీలు వైపే నెడుతుంది. దాన్ని శుభ్రం చేసి, జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌ను నింపే రంధ్రం అంచు దాకా పోశాను.

స్లీవుకు 5కు 5, సీలుకు 4 మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు తగ్గించింది నాణ్యతకు కాదు, డబ్బా మీద మూడు కొలతల అంకెలు తప్ప ఏ వైపు లోపలికి పెట్టాలో చూపే చిన్న బొమ్మైనా లేనందుకు.