మంగు మచ్చలకు అజెలాయిక్ యాసిడ్: రెండేళ్లు దాటాక నా అనుభవం

కడుపుతో ఉన్నప్పుడు రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. కాన్పు తర్వాత అదే పోతుందన్నారు గానీ పోలేదు. బాబుకి ఇంకా పాలిస్తున్నాను కాబట్టి మంగుకి మామూలుగా రాసే ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ అనే మందులు వద్దని, 20 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీమ్ రాశారు మా స్కిన్ డాక్టర్. ఇప్పటికి రెండేళ్లు దాటింది, ఇంకా వాడుతూనే ఉన్నాను.

ఈ యాసిడ్ గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లో సహజంగా ఉంటుంది. మన చర్మం మీద ఉండే ఒక రకం ఈస్ట్ కూడా దీన్ని తయారు చేస్తుంది. ట్యూబులోకి వచ్చేది మాత్రం చాలావరకు ఒలీయిక్ యాసిడ్ నుంచి ఫ్యాక్టరీలో చేసినదే. కాబట్టి మొక్కల నుంచి వచ్చిందనే మాట చూసి నేను దీన్ని నమ్మలేదు. అమెరికాలో మొటిమలకు 20 శాతం క్రీమ్‌ని 1995లోనే, రోజేషియాకు (మొహం ఎర్రబడి పొక్కులొచ్చే చర్మ సమస్య) 15 శాతం జెల్‌ని 2002లో అనుమతించారు. అంటే ఎన్నో ఏళ్లుగా పరీక్షకు నిలిచిన మందు. పైగా రాసుకున్న దాంట్లో సుమారు 4 శాతమే ఒంట్లోకి చేరుతుంది. గర్భిణులకు కూడా డాక్టర్లు దీన్ని రాయడానికి అదొక కారణం.

మొదటి వారాల్లో మంట, దురద బాగానే ఉండేవి. రాసిన పావుగంట వరకు చీమలు పాకినట్టు చుర్రుమనేది. మొహం కడిగి, పూర్తిగా ఆరాక, ముందు మాయిశ్చరైజర్, దాని మీద శనగగింజంత క్రీమ్ పల్చగా రాస్తే చాలా తగ్గింది. ఎండాకాలం చెమట పట్టినప్పుడు మాత్రం ఇప్పటికీ మండుతుంది, అందుకే ఆ రోజుల్లో రాత్రిపూటే రాస్తాను. ఇంకో చిరాకు, పగలు దీని మీద సన్‌స్క్రీన్ రాస్తే తెల్లగా ఉండలు కడుతుంది.

ఫలితం చాలా నెమ్మదిగా వస్తుంది. గడ్డం దగ్గర మొటిమలు నెలన్నరకే తగ్గాయి. మంగు పల్చబడటం కనిపించడానికి నాలుగైదు నెలలు పట్టింది. పూర్తిగా పోలేదు, దగ్గరగా చూస్తే నీడలా ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కావాల్సిన టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ని ఇది అడ్డుకుంటుంది, అదీ అతిగా పనిచేసే కణాల మీదే ఎక్కువగా. అందుకే మిగతా మొహం రంగు మారలేదు. తెల్లబడాలని కొనేవాళ్లకు ఇది పనికిరాదు, ఆ మాట గట్టిగానే చెప్తాను. అయితే అరుదుగా కొందరికి రాసిన చోట చర్మం తెల్లబారినట్టు నమోదైంది. మనలాంటి చామనఛాయ, నలుపు వాళ్లు అది గమనించుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఇచ్చేస్తారు. వారంలో మొహం మెరుస్తుంది, నెలల తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, ఆపగానే మంగు ఇంకా ముదురుతుంది. మా బంధువుల్లోనే ఒకమ్మాయి అలా ఏడ్చింది. ఆ తొందరతో పోలిస్తే నాలుగు నెలల ఓపిక ఎంతో నయం.

ఎండ తగిలితే మాత్రం ఏ క్రీమూ నిలబడదు. మామూలు వెలుతురుకీ మంగు ముదురుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ వాడుతున్నాను, దుపట్టా, గొడుగు సరేసరి. ఇప్పుడు అజెలాయిక్‌ని రోజు విడిచి రోజు రాత్రి రాస్తున్నాను, మార్చి నుంచి జూన్ దాకా మాత్రం రోజూ.