కొలంబో 34 డిస్కుల పెట్టె: కొనేముందు చూసుకోవాల్సినవి

2012లో యూనివర్సల్ విడుదల చేసిన ఈ డీవీడీ పెట్టెలో అమెరికా టీవీ డిటెక్టివ్ సిరీస్ 'కొలంబో' 69 ఎపిసోడ్లూ ఉన్నాయి. నటుడు పీటర్ ఫాక్ నలభయ్యో ఏట వేసుకున్న డిటెక్టివ్ కొలంబో వేషం డెబ్బై అయిదో ఏట విప్పేదాకా, 1968 నుంచి 2003 వరకు, అంతా ఇందులోనే.

ముందు డబ్బు వృథా అయ్యే సంగతి. డీవీడీలకు ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే రీజియన్ తాళం ఉంటుంది. ఇది అమెరికా ముద్రణ, రీజియన్ 1. మన దేశం రీజియన్ 5. ఇక్కడి మామూలు ప్లేయర్ దీన్ని తీసుకోదు, అన్ని రీజియన్లూ ఆడేది కావాలి. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ అయిదుసార్లే, ఆ తర్వాత అక్కడే బిగుసుకుపోతుంది. అమెరికా బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఇది చూసుకోకపోతే పెట్టె అలమరాకే అందం. బ్రిటన్‌లో వచ్చే పాల్ (PAL, అక్కడి టీవీ పద్ధతి) డిస్కులతో ఇంకో చిక్కు. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన ఫిల్మును 25తో పరిగెత్తిస్తారు కాబట్టి నిడివి 4 శాతం తగ్గుతుంది, స్వరం సరిచేయకపోతే ఫాక్ గరగర గొంతు కాస్త సన్నబడుతుంది.

బొమ్మ పాత టీవీల 4:3 కొలతలో ఉంటుంది. పక్కల నల్లపట్టీలు వస్తే రానివ్వండి. టీవీలో సాగదీస్తే నలిగిన రెయిన్‌కోటు కొలంబో లావెక్కిపోతాడు. (కోటు ఫాక్ సొంతదే.)

వరసగా చూడక్కర్లేదు. 1971 సెప్టెంబరులో వచ్చిన, స్పీల్‌బర్గ్ దర్శకత్వం వహించిన ఎపిసోడ్‌తో మొదలుపెట్టి, తర్వాత 1968 టెలీఫిల్ముకు వెళ్లండి. అందులో కొలంబో తల నున్నగా దువ్వుకుని ఉంటాడు, తడబాటు తక్కువ, కరుకుదనం ఎక్కువ. ఈ పాత్రకు దాన్ని సృష్టించిన రచయితలు లెవిన్సన్, లింక్ మొదట అనుకున్నవాళ్లలో గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీ ఒకరు. మూడేళ్లలో ఫాక్ ఆ పాత్రను ఎలా తనదిగా మలుచుకున్నాడో ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చూపించేస్తారు. ఇక మిగిలిన గంటను నిలబెట్టాల్సింది నటుడే. ఫాక్ జేబులన్నీ తడుముకుంటూ పెన్సిల్ వెతుకుతుంటే ఎదుటి నటుడి మొహంలో కనిపించే విసుగు చాలాసార్లు నిజమైనదే, ఎందుకంటే అది స్క్రిప్టులో ఉండదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి "ఆఁ, ఇంకొక్క మాట" అనే ఆ క్షణం కోసమే మిగతాదంతా.

ఫాక్‌కు మూడేళ్ల వయసులో కణితి వల్ల కుడికన్ను తీసేశారు, పెట్టుకున్నది గాజుకన్ను. ఆ వాలుచూపును ఫాక్ కొలంబో అమాయకత్వంగా వాడుకున్నాడు. పాత్రకూ అదే కన్నని సిరీస్ ఒప్పుకున్నది 1997లో మాత్రమే, "మూడు కళ్లు" (ఎదుటివాళ్లవి రెండు, తనది ఒకటి) అనే ఒక్క చమత్కారంలో.

1978 వరకు ఎన్‌బీసీ చానెల్లో వచ్చిన 45 ఎపిసోడ్లే అసలు సరుకు. ఫాక్ స్నేహితుడు, నటుడు-దర్శకుడు జాన్ కసవేటిస్ ఆర్కెస్ట్రా కండక్టరుగా వచ్చిన 1972 ఎపిసోడ్ వదలొద్దు. 1989 నుంచి ఏబీసీ చానెల్లో వచ్చిన 24లో నడక మందగించింది, ఫాక్ కూడా తన అలవాట్లనే తాను అనుకరించుకుంటాడు. మినహాయింపు 1990లో పాట్రిక్ మగూహన్ హంతకుడిగా వచ్చినది, దానికి మగూహన్‌కు టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది. ఫాక్‌కు రెండు ఆస్కార్ నామినేషన్లు తెచ్చిన సినిమాలు ఈ పెట్టెలో ఉండవు, వాటిని విడిగా వెతుక్కోవాలి.

అంత డబ్బు పెట్టాలా అని సందేహముంటే మొదటి సీజన్ సెట్ ఒక్కటే తీసుకోండి. రెండు టెలీఫిల్ములు, ఏడు ఎపిసోడ్లు. వాటిలో చివరిది ఫాక్ స్వయంగా దర్శకత్వం వహించినది.